మైసమ్మ పాత జాగ

మైసమ్మను లేపే ముందు ఒళ్ళంతా కడగాలన్నాడు పూజారి. కడిగే చెయ్యి సుమిత్రమ్మదే కావాలని ఊరివాళ్ళు పట్టుబట్టారు. హిమాయత్‌నగర్ దాటాక వాగు సాగర్ చెరువులో కలిసే చోట ఉన్న ఆ రాయికి ఏటా మొదటి బిందె మొయినాబాద్ షావుకారింటిదే. ఆమె అత్త పోసింది, అత్తకు ముందు అత్తగారి అత్త పోసింది. కోడలిగా వచ్చినప్పటి నుంచి సుమిత్రమ్మ పోస్తోంది.

ఆమె కొంగు నడుముకు దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. రాయి మీద పసుపు పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంది. పై పొర చేత్తో రుద్దితే వచ్చేసింది. లోపలిది వేడినీళ్ళు పోస్తే గాని కదల్లేదు. దాని కింద ఇంకో పొర, నూనె ఇంకి గట్టిపడి, కొబ్బరి పీచుతో తోమితే ముద్దలు ముద్దలుగా ఊడింది. అడుగున నల్లరాయి బయటపడింది. అమ్మవారు గుండ్రంగా ఉంటుందని ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది. తీరా చూస్తే నాలుగు మూలలూ సమంగా చెక్కిన రాయి. నడుమ ఒక అడ్డగీత, దాని కింద బాణంలాంటి గుర్తు, పక్కన ఉర్దూ అక్షరాలు.

"ఇదేంది అయ్యగారూ?" అంది సుమిత్రమ్మ.

పూజారి వంగి చూసి చేతులు జోడించాడు. "యంత్రం తల్లీ. బీజాక్షరాలు. ఎన్నడో మహానుభావులు ప్రతిష్ఠ చేసింది."

ఉర్దూలో బీజాక్షరాలేమిటని అక్కడున్న అంతమందిలో ఒక్కరికీ తోచలేదు. సుమిత్రమ్మకూ తోచలేదు. ఆమె గంధం తీసి ఆ గీత పొడవునా భక్తిగా అద్దింది.

వెనక నిలబడి తల్లికి గొడుగు పడుతున్నాడు రాఘవేందర్. నాన్నతో కలిసి కిరాణా, పూజ సామాను అమ్మడం చాలించి, కొన్నాళ్ళుగా ప్లాట్ల వ్యాపారంలో తిరుగుతున్నాడు. ఈ పక్కనున్న వెంచర్‌లో అతనిదీ ఒక వాటా. "జర పైలం అమ్మా, మోకాలు నొస్తది," అన్నాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. మైసమ్మను జరుపుదామన్న ఆలోచన కొడుకుదే. అమ్మవారు నీళ్ళకు దూరంగా, తుమ్మచెట్ల నడుమ మిట్ట మీద ఒంటరిగా ఉన్నది, నీళ్ళ అంచుకు తీసుకుపోయి గుడి కట్టిద్దామన్నాడు. నువ్వు ఈ మిట్ట ఎక్కలేకపోతున్నవు, మెట్లు, పట్టుకోను స్టీల్ కడ్డీ పెట్టిస్తనన్నాడు. ఊరంతా సరేనంది. ఏ కొడుకు చేస్తాడు ఈ రోజుల్లో అని ఆడవాళ్ళు అన్నారు. ఆ మాట విని ఆమె పొంగిపోయింది.

డప్పులు మొదలయ్యాయి. పలుగులు ముందు సుమిత్రమ్మ చేతికిచ్చారు. ఆమె మట్టికి తాకించి తిరిగిచ్చింది. అప్పుడు గాని కూలీలు రాయిని ముట్టుకోలేదు. ట్రాలీలో వరిగడ్డి పరిచి రాయిని దాని మీద పడుకోబెట్టారు. మిట్టకూ నీళ్ళకూ మధ్య నల్లమట్టిలో ఎస్తేరు దోసతోట ఉంది. ఎండాకాలం సాగర్ వెనక్కి తగ్గుతుంటే, బయటపడ్డ మెత్తటి ఒండ్రులో గింజలు పెడుతూ నీళ్ళ వెంటే దిగుతుంది. వానలు పడి నీళ్ళు పైకొస్తుంటే కాయలు కోసుకుంటూ వెనక్కి ఎక్కుతుంది. ఆమె తల్లీ అంతే చేసింది. ట్రాక్టరు తోట దగ్గర ఆగింది. ఎస్తేరు వంగి, పిందెలు నలక్కుండా తీగలను రెండు చేతులతో ఎత్తి పక్కకు మళ్ళించి దారి ఇచ్చింది. చర్చికి పోయే మనిషి, మైసమ్మకు దండం పెట్టదు. కానీ మైసమ్మ దీపానికి గాలి తగలకుండా ఇన్నాళ్ళూ అడ్డం ఉన్న రేకు ముక్క ఆమె పెట్టిందే.

నీళ్ళ అంచున కొత్త గుడి సిద్ధంగా ఉంది. గ్రానైట్ అరుగు, మెరిసే కడ్డీలు. గోడకు స్టీలు పలక మీద 'దాత: శ్రీమతి సుమిత్రమ్మ' అని చెక్కించాడు కొడుకు. ఆమె ఆ అక్షరాలను వేలితో తడిమి చూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎస్తేరు దుకాణానికి వచ్చింది. సుమిత్రమ్మ కుంకుమ పొట్లాలు కడుతోంది. భర్త విశ్వేశ్వర్ లోపల పప్పు బస్తా విప్పుతున్నాడు. ఎస్తేరు కొంగులో మూటగట్టుకొచ్చినవి బల్ల మీద కుమ్మరించింది. వేలెడంత దోస పిందెలు, కొన్ని పువ్వుతో సహా.

"ఇవెందుకు తెంపినవ్?" అంది సుమిత్రమ్మ.

"నేను తెంపలేదమ్మా. మిషిన్ తెంపింది. నన్ను లెవ్వమన్నరు."

"ఎవరు?"

"రాఘవేందరన్న మనుషులు. మైసమ్మ కాడికి గీత వచ్చిందంట. మైసమ్మకు ఇవతల ఉన్నదంతా పట్టా భూమంట. నేను పట్టాల జొర్రిన్నంట."

"మైసమ్మకూ పట్టాకూ ఏం సంబంధమే?"

ఎస్తేరు ఆమె మొహంలోకి చూసింది. అందులో గౌరవం తగ్గలేదు గాని, ఎప్పుడూ ఉండే మెత్తదనం లేదు. "అది మీకే తెల్వాలెనమ్మా. జరిపింది మీరే గద."

సుమిత్రమ్మ చేతులు తుడుచుకుని, భర్తకు ఒక్క మాట చెప్పి, ఎస్తేరుతో షేర్ ఆటో ఎక్కింది.

మిట్ట దిగుతుంటేనే టిప్పర్ల మోత వినిపించింది. నిన్న మైసమ్మను లేపిన గుంట కనబడలేదు, చదును చేసేశారు. అక్కడి నుంచి కొత్త గుడి దాకా ముగ్గుతో తెల్లటి గీతలు గీశారు. తోట లేదు. టిప్పర్లు ఒకటి వెనక ఒకటి వాగులోకే ఎర్ర మొరం దింపుతున్నాయి. వాగు సాగర్‌ను చేరే చోట పాయలు పాయలుగా విడిపోతుంది. ఆ పాయల నడుమ జమ్ము, తుంగ, లోతులేని నీళ్ళలో చేపపిల్లలు. వాటికోసం ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి, ఎక్కడి నుంచో గూడబాతులు వస్తాయి. ఇప్పుడు రెండు పాయలు పూడిపోయాయి. కొంగలు దూరంగా ఒడ్డున నిలబడి ఉన్నాయి.

మృగశిర కార్తె, మిరుగం వస్తే ఊళ్ళో ప్రతి ఇంట్లో చేపల కూర ఉడుకుతుంది. కానీ ఈ చోట మాత్రం మిరుగం నుంచి, కొత్త నీళ్ళు వచ్చి మైసమ్మకు బిందె పోసేదాకా, ఎవరూ వల వెయ్యరు. కొత్త నీటికి చేపలు సాగర్‌లోంచి వాగులోకి ఎదురెక్కుతాయి, గుడ్లు పెట్టడానికి. బిందె పోసేది అవి ఎక్కిపోయాకే. చేప రుచే తెలియని సుమిత్రమ్మ, అవి ఎర్రనీళ్ళలో వీపులు మెరిపిస్తూ ఒకదాని మీద ఒకటి ఎగురుతూ ఎక్కడం చూడడానికి ఏటా ఒక పూట మిట్ట మీద కూర్చునేది. ఈ మొరం ఇట్లాగే పడితే వచ్చే వారం అవి ఎటు ఎక్కుతాయి?

"ఆపుర్రి! ఎవరు పోయమన్నరు మీకు?" అని అరిచింది.

ముగ్గుడబ్బా పట్టుకున్న మనిషి పరుగున వచ్చి నమస్కారం పెట్టాడు. "లైను మైసమ్మ దాకనే అమ్మా. దాటి ఒక్క అడుగు గూడ పోము. అగో, మీ పేరే రాసున్నది గద."

సుమిత్రమ్మ ఆ స్టీలు పలక వైపు చూసింది. ఎండకు కళ్ళు మిరుమిట్లు గొలిపేట్టు మెరుస్తోంది.

సాయంత్రం రాఘవేందర్ ఆకలితో ఇంటికొచ్చాడు. ఆమె కంచం పెట్టింది, అన్నం వడ్డించింది, పప్పు వేసింది. అతను రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"ఆ రాయి ఏందిరా?"

"ఏ రాయి? మైసమ్మనా?"

"మైసమ్మ కాకముందు ఏంది?"

రాఘవేందర్ నవ్వాడు. దాచాలని అతనికి అనిపించలేదు. అదే ఆమెకు ఎక్కువ కాలింది. "నిజాం కాలంల సాగర్ కట్టినప్పుడు పాతిన హద్దు రాయి అమ్మా. నీళ్ళు నిండితే ఏడ దాక వస్తయో ఆడ చుట్టూ పాతిన్రు. దాని లోపల ఎవ్వరు ఏం కట్టొద్దు. మస్తు రాళ్ళుండె. ఒక్కొక్కటి పోయినయి. గిదొక్కటే మిగిలింది."

"ఇది ఎందుకు మిగిలింది?"

"మీరు పసుపు పూసిన్రు గద, అందుకు. మా జేసీబీ డ్రైవర్ దానికి దండం పెట్టి బండి దిగిపోయిండు. ఇంకొకన్ని తెస్తే వాడూ అంతే. డబల్ కూలి ఇస్తమన్నా ఎవ్వడు ముట్టలే."

"అందుకని నన్ను ముట్టమన్నవ్."

"తప్పేమున్నదే? తల్లికి గుడి అయింది, నీకు పుణ్యం వచ్చింది. మనకు ఇంత జాగ కలిసింది."

"ఆఫీసుల నక్ష కాయిదం ఉండదారా? సర్కారు ఊకుంటదా?"

"నక్ష మీద గీత వేలు మందం ఉంటది. వాగు కాడ వంకర తిరుగుతది. కొలిచెటోళ్ళు వచ్చి రాయి ఏడున్నదో చూస్తరు. రాయి ఏడుంటే గీత ఆడ. ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు. జర పప్పు ఎయ్యి."

సుమిత్రమ్మకు ఒళ్ళు మండిపోయింది. దొంగతనం చేసే మనిషికి ఒక పలుగు కావలసి వచ్చింది. ఊళ్ళో ఏ పలుగూ పనికిరాక ఇంట్లో తల్లిని పట్టుకుపోయాడు. డప్పులు కొట్టించి, గొడుగు పట్టి, మోకాలు జాగ్రత్త అని చెప్పి మరీ పట్టుకుపోయాడు. తను పొంగిపోయింది. చెమర్చిన కళ్ళు తలుచుకుంటే ఇప్పుడు వాటి మీదే కోపం వచ్చింది. పప్పు గిన్నె అతని ముందు నేల మీద పెట్టి లేచింది. "నువ్వే ఏసుకో," అంది.

విశ్వేశ్వర్‌కు అంతా వినబడింది. రాత్రి పడుకోబోయే ముందు, "పోనియ్యి. చేసింది బయటోడా, మనోడే గద," అన్నాడు. ఆమె అటు తిరిగి పడుకుంది.

రెండు రోజులకు ఈశ్వరప్రసాద్ దుకాణానికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఐటీలో పెద్ద ఉద్యోగం చేస్తూ, ఇటువైపు విల్లా కొనుక్కున్న మనిషి. సెలవురోజు పొద్దున్నే పెద్ద కెమెరా పట్టుకుని వాగు దగ్గర పిట్టల ఫోటోలు తీస్తుంటాడు. వెళ్ళేటప్పుడు సుమిత్రమ్మ దుకాణంలో పెసలు, బెల్లం కొంటాడు. ఆ రోజు కొనడానికి ఏమీ అడగలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, ఫిర్యాదు పెట్టింది నేనేనండీ. రేపు సర్వే వాళ్ళు వస్తున్నారు."

"మంచి పని చేసిన్రు."

"మా ఊరు నది సముద్రంలో కలిసే చోటండీ. దాన్ని మేం మొగ అంటాం. మొగ దగ్గర మడ అడవి ఉండేది. అది నరికి రొయ్యల చెరువులు తవ్వారు, మొగ పూడింది. ఆ ఏడు వరదకి నీళ్ళు బయటికి పోలేక మా ఊళ్ళోనే నిలబడ్డాయి. మా నాన్న నడుం లోతు నీళ్ళలో గేదెల పగ్గాలు కోశాడు. ఇప్పుడు అక్కడ అడవిని కాపాడుతున్నారు, బోర్డులు పెట్టారు, పడవ షికారు కూడా ఉంది. పోయిందేదో పోయాక." అతను బల్ల మీదికి వంగాడు. "ఇదీ అదేనండీ. సముద్రం లేదు గాని, మొగే."

సుమిత్రమ్మకు ఆ మాట నచ్చింది. "రేపు అదే చెప్పుర్రి. రాయి మొదట ఏడుండెనో మీరు చూసిన్రు గద."

ఈశ్వరప్రసాద్ చూపు పక్కకు తిప్పాడు. "నా పేరు బయటికి రాకూడదండీ. మేం బయటినుంచి వచ్చినవాళ్ళం. మా గేటు ముందు రోడ్డు కూడా వాళ్ళ చేతుల్లోనే ఉంది."

"ఫోటోలన్నా ఇయ్యుర్రి. ఏండ్లకేండ్లు తీసిన్రు."

"అన్నీ పిట్టలవేనండీ. రాయి ఒక్కదాంట్లోనూ పడలేదు."

సుమిత్రమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. అతను చెడ్డవాడు కాదు. ఫిర్యాదు పెట్టాడు, అదైనా ఇంకెవరూ చెయ్యలేదు. కానీ అతని విల్లా ఉన్నది ఒకప్పుడు ఆమెకు తెలిసిన జొన్న చేనులో. ఆ చేనులో పడ్డ వాన ఈ వాగుకే వచ్చేది. సాగర్ చుట్టూ కట్టొద్దన్న జీవో నంబరు ఈ పక్క బడిపిల్లలకు కూడా తెలుసు. అది ఉందో ఎత్తేశారో మాత్రం ఎవరూ తేల్చి చెప్పరు. తేలనిచోట ఎవడి గోడ వాడిది. ఆమె పెసలు తూచి అతని చేతిలో పెట్టింది. "పోయి రాండ్రి," అంది.

సర్వే రోజు ఆమె ఎస్తేరును వెంటబెట్టుకుని వెళ్ళింది. కొత్త గుడి దగ్గర షామియానా వేశారు. మంచినీళ్ళ సీసాలు, బాదం మిఠాయి. సర్వేయర్ సాయి ప్రియ అనే పాతికేళ్ళ పిల్ల. మిఠాయి ముట్టకుండా, గుడి పక్కన మూడుకాళ్ళ మిషన్ నిలబెట్టి అందులోంచి చూస్తోంది. చుట్టూ ఊరివాళ్ళు, నిన్నగాక మొన్న డప్పుల వెంట నడిచినవాళ్ళే.

"ఈ రాయి మొదటి సంది ఈడనే ఉన్నదా?" అని సాయి ప్రియ అడిగింది.

"ఈడనే మేడం. మా తాతల కాలం నుంచి," అన్నాడు ఒకడు. అతనికి వెంచర్‌లో వాచ్‌మన్ పని ఇచ్చారు. మిగిలినవాళ్ళు తలలూపారు. ఆ తలల్లో అమాయకపు తల ఒక్కటీ లేదు.

"అబద్ధం," అంది సుమిత్రమ్మ.

అందరూ వెనక్కి తిరిగారు. రాఘవేందర్ గబగబా వచ్చి తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుని సర్వేయర్ ముందుకు నడిచింది. "ఆ మిట్ట మీద తుమ్మచెట్ల నడుమ ఉండె. మొన్ననే లేపినం. కడిగింది నేను. పలుగు మొదలు ముట్టింది నేను. రాయి మీది గీత, బాణం, ఉర్దూ అక్షరాలు ఈ చేతులతోనే తోమిన. గంధం కింద ఉన్నయి, చూసుకో బిడ్డా."

సాయి ప్రియ గుడిలోకి వంగి గంధం తుడిచింది. చాలాసేపు చూసి బయటికొచ్చింది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. "అమ్మా, నోటిమాట నేను రాసుకోలేను. రాయి ఎవరు జరిపిన్రో, ఎవరు జరపమన్నరో పేర్లతోటి మీరు రాసియ్యాలె. అట్ల ఇస్తే ఈ రోజే పని ఆపిస్త. పాత నక్ష పట్టి మళ్ళ కొలుస్త. ఇయ్యకుంటే ఈ రాయే హద్దు. ఇంకోటి, హద్దు రాయి జరిపితే కేసయితది. జరపమన్నోళ్ళ మీద."

"మేడం, మా అమ్మకు ఒంట్ల బాగలేదు," అన్నాడు రాఘవేందర్.

"నీకు బాగున్నదా ఒంట్ల?" అంది సుమిత్రమ్మ. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

సాయి ప్రియ చూపు ఎస్తేరు మీద పడింది. "ఈడ తోట పెట్టింది ఈమెనేనా? అది గూడ చెప్తున్న. రాయి పాత జాగకు పోతే ఇదంత మళ్ళ సాగర్ శిఖం, నీళ్ళు నిండే భూమి. శిఖంల సాగు గూడ చెయ్యొద్దు. నేను రిపోర్టుల రాయాల్సొస్తది. ఈమెను గూడ లేపుతరు."

రాఘవేందర్ ఆ మాటను ఎగిరి పట్టుకున్నాడు. "విన్నవా అమ్మా? నువ్వు రాస్తే ఈమె బతుకే పోతది. ఎస్తేరక్కా, నువ్వు చెప్పు. మా వెంచర్ల నీకు గార్డెన్ పని ఇస్త. నెల నెల జీతం."

ఇంత కోపం కట్టుకుని వచ్చి, దాన్ని ఎక్కడ పెట్టాలో సుమిత్రమ్మకు తెలియలేదు. రాస్తే వాగు మిగులుతుంది, ఎస్తేరు పోతుంది. రాయకపోతే రెండూ పోతాయి, ఎస్తేరుకు మాత్రం ఒక చీపురు దొరుకుతుంది. కొండంత గోడలు కట్టేవాళ్ళనూ, నాలుగు దోసపాదులు పెట్టుకునే దాన్నీ ఒకే తాడుతో కొలిచే చట్టం మీద ఆమెకు అసహ్యం వేసింది. ఆమె ఎస్తేరు వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నువ్వు వద్దంటే రాయ."

ఎస్తేరు కాళ్ళ కింది మొరాన్ని బొటనవేలితో గీరింది. కింద నల్లమట్టి కనిపించేదాకా గీరింది.

"రాయుర్రి అమ్మా," అంది. "నన్ను నీళ్ళు ఏటేటా లేపుతనే ఉన్నయి. లేస్త. నీళ్ళు దిగితే మళ్ళ వస్త. సర్కారోళ్ళు లేపినా లేస్త, ఆళ్ళు పొయినంక వస్త. గోడ కట్టినంక యాడికి రావాలె?"

సాయి ప్రియ ఏమీ వినబడనట్టు కాగితాల కట్ట సర్దుకుంది. తర్వాత ఒక తెల్లకాగితం, అట్ట, పెన్ను తీసి సుమిత్రమ్మకు ఇచ్చింది.

ఆమె గుడి మెట్టు మీద కూర్చుంది. కళ్ళజోడు తేలేదు. "నేను చెప్త, నువ్వు రాయి బిడ్డా. సంతకం నేను పెడత," అంది. సర్వేయర్ పక్కన కూర్చుని రాసుకుంది. మైసమ్మ మొదట ఉన్న చోటు, లేపిన రోజు, ట్రాలీ వచ్చిన దారి, నలిగిన తోట, పూడిన పాయలు, అన్నీ చెప్పింది. తను కడిగింది చెప్పింది. తన పేరున్న స్టీలు పలక సంగతీ రాయమంది. చెబుతున్నంతసేపూ ఊరివాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. షామియానా కింద రాఘవేందర్ ఒక్కడే మిగిలాడు.

"జరపమన్నది ఎవరు?" అని అడిగింది సాయి ప్రియ, తలెత్తకుండా.

సుమిత్రమ్మ చెప్పింది. పెన్ను ఒక క్షణం ఆగి మళ్ళీ కదిలింది. ఆమె సంతకం పెట్టింది. సర్వేయర్ లేచి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడింది. కాసేపటికి టిప్పర్ల మోత ఆగింది. మొరం దింపని రెండు బళ్ళు వెనక్కి తిరిగి మిట్ట ఎక్కాయి. ఎస్తేరు అప్పటికే వాగులోకి దిగి, పూడిన పాయ మూతి దగ్గర పెద్ద రాళ్ళను ఒక్కొక్కటి ఎత్తి ఒడ్డున వేస్తోంది.

రాఘవేందర్ తల్లి ముందుకు వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని వచ్చినప్పుడు కింది పెదవి ఎట్లా వణికేదో, ఇప్పుడూ అట్లాగే వణుకుతోంది.

"నేను నీ కొడుకును కానా అమ్మా?"

"ఎందుకు కావు?" అంది సుమిత్రమ్మ. "అందుకే వట్టి రాఘవేందర్ అని రాయనియ్యలే. ఇంటి పేరు, నాయిన పేరు, అన్ని రాయించిన."

కొంగు నడుముకు బిగించి ఆమె వాగులోకి దిగింది.